బొడ్డుతాడు కోయకముందే మొదలయ్యే వైద్యం

(జిల్లా గ్రంథాలయ సభామందిరంలో నవజాత శిశు వైద్యులు ఒకరు చేసిన ప్రసంగానికి అక్షరరూపం ఇది. ఆ రోజు రాలేకపోయినవారి కోసం ధ్వనిముద్రణ విని రాసి ఇస్తున్నాం.)

సభలో ఉన్న పెద్దలకు, తల్లులకు, డ్యూటీ దిగి ఇంటికి కూడా వెళ్లకుండా నేరుగా ఇక్కడికి వచ్చిన స్టాఫ్ నర్సులకు, ఏఎన్‌ఎమ్‌లకు, ఆశా కార్యకర్తలకు నా నమస్కారం.

కాన్పు గది బయట బెంచీ మీద కూర్చున్నవాళ్లు మొట్టమొదట అడిగే మాట ఏమిటో మీలో ఎవరైనా చెప్పగలరా? ఆడపిల్లా, మగపిల్లాడా అని అడుగుతారంటారు మీరు. ముప్పై ఏళ్లుగా ఆ తలుపుకు లోపలా బయటా నిలబడ్డవాణ్ణి కనుక చెబుతున్నాను, మొదటి మాట అది కాదు. 'ఏడ్చిందా?' అన్నది మొదటి మాట. లోపలి నుంచి కేరుమన్న ఏడుపు వినిపించేదాకా ఆ బెంచీ మీద అమ్మమ్మ నోట మాట రాదు, నాయనమ్మ చేతిలోని ఫ్లాస్కు మూత తెరుచుకోదు. ఆ ఏడుపు చెవిన పడ్డాకే మిగతా ప్రశ్నలన్నీ.

బిడ్డ బయటికి రావడానికీ ఆ ఏడుపు వినిపించడానికీ మధ్యనున్న వ్యవధి గురించి ఈ సాయంత్రం మాట్లాడతాను. ఆ కాస్త వ్యవధిలో వాడటానికి ఈ పదిహేను, ఇరవై ఏళ్లలో ఎన్నో కొత్త పరికరాలు వచ్చాయి. అన్నింటినీ వరుసపెట్టి వర్ణించను. వాటన్నింటి వెనుకా ఒక మార్పు నాకు కనిపిస్తున్నది, దాన్ని మీకు చూపించాలని ఉంది. ఇన్నాళ్లూ మనం బిడ్డను యంత్రం దగ్గరికి మోసుకుపోయాం. ఇప్పుడు యంత్రం బిడ్డ దగ్గరికి, అంటే తల్లి పక్కకు, రావడం మొదలైంది. ఈ మార్పు ఎంత పెద్దదో చెప్పాలంటే ముందు నేను చేసిన ఒక పరుగు గురించి చెప్పాలి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనొక ఆసుపత్రిలో పనిచేశాను. దాని పేరు ఇక్కడ అవసరం లేదు. అక్కడ కాన్పు బల్లకూ, బిడ్డను పడుకోబెట్టే వార్మర్‌కూ మధ్య ఒక తలుపు, ఒక వరండా, మళ్లీ ఒక తలుపు ఉండేవి. ఒక రాత్రి రెండు గంటల వేళ ఒక బిడ్డ తడిగుడ్డలాగా మెత్తగా, నీలంగా, చలనం లేకుండా పుట్టింది. అప్పటి పద్ధతి ప్రకారం క్షణాల్లో బొడ్డుతాడు బిగించి, కోసి, బిడ్డను నా చేతుల్లో పెట్టారు. నేను పరుగెత్తాను. వెళ్లి చూస్తే వార్మర్ స్విచ్ వేసి లేదు, పరుపు చల్లగా ఉంది. ఊపిరి అందించే అంబూ బ్యాగు బీరువాలో ఉంది, బీరువా తాళం ఆ రాత్రి డ్యూటీలో లేని వాళ్ల దగ్గర ఉంది. తాళం పగలగొట్టి బ్యాగు తీసి మాస్కు పెట్టేసరికి నాలుగు నిమిషాలు దాటింది. బిడ్డ బతికింది. కానీ మెడ నిలపవలసిన వయసులో మెడ నిలపలేదు, నడవవలసిన వయసులో నడవలేదు. ఆ తరువాత ఒక రోజు నేను ఆ కాన్పు బల్ల దగ్గర నుంచి వార్మర్ దాకా అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచాను. ఇరవై రెండు అడుగులు. ఆ రాత్రి నేను తిరిగి వచ్చేసరికి ఆ తల్లి ఇంకా బల్ల మీదే ఉంది, తల పక్కకు తిప్పి తలుపు వైపే చూస్తూ ఉంది. 'సారూ, ఏడ్చిందా?' అని అడిగింది. తన బిడ్డను ఆమె అప్పటికి ఒక్కసారి కూడా చూడలేదు.

ఆ ఇరవై రెండు అడుగులు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. ఈ రోజు చెప్పబోయే మాటలన్నీ ఆ దూరం గురించినవే అనుకోండి.

ఇంతకీ ఆ మొదటి నిమిషంలో బిడ్డ ఒంట్లో ఏం జరుగుతుంది? కడుపులో ఉన్నంత కాలం బిడ్డ ఊపిరితిత్తులలో గాలి ఉండదు, నీరు ఉంటుంది. మన ఇళ్లలో ఏ ఇబ్బంది వచ్చినా 'ఉమ్మనీరు తాగేసింది' అనడం అలవాటు. నిజానికి పుట్టబోయే ప్రతి బిడ్డ ఊపిరితిత్తులలోనూ నీరు ఉంటుంది, అందులో ఎక్కువ భాగం ఊపిరితిత్తులు తామే ఊరించుకున్నది. ప్రాణవాయువు అంతా మాయ నుంచి బొడ్డుతాడు గుండా వస్తుంది కనుక కడుపులో బిడ్డకు ఊపిరితిత్తుల పని లేదు. పుట్టిన మరుక్షణం ఈ ఏర్పాటంతా తలకిందులు కావాలి. బిడ్డ పీల్చే మొదటి కొన్ని ఊపిర్లు ఆ నీటిని ఒడ్డుకు నెట్టి గాలికి చోటు చేయాలి, గాలి చేరిన వెంటనే ఊపిరితిత్తుల రక్తనాళాలు తెరుచుకోవాలి, అప్పటిదాకా మాయ వైపు తిరుగుతున్న రక్తం ఊపిరితిత్తుల వైపు మళ్లాలి. ఇదంతా జరగడానికి బిడ్డకు ఉండే సమయం ఒకటి రెండు నిమిషాలు. ఒక మనిషి జీవితం మొత్తంలో ఇంత తక్కువ సమయంలో ఇంత పెద్ద మార్పు మళ్లీ ఎప్పుడైనా జరుగుతుందా? జరగదు.

నూటికి 85 మంది పిల్లలు ఎవరి సాయమూ లేకుండా ఈ పని చేసుకుంటారు. మరో పదిమంది ఒళ్లు తుడిచి వీపు నిమిరితే ఊపిరి అందుకుంటారు. సుమారు ఐదుగురికి మాత్రం మాస్కుతో గాలి అందించాలి. గుండె మీద నొక్కడం, మందులు ఎక్కించడం వేయి మందిలో ఒకరికో ఇద్దరికో అవసరమవుతుంది. కాబట్టి మనం మాట్లాడుకునేది ముఖ్యంగా ఆ ఐదుగురి గురించి. ఆ ఐదుగురు ఎవరన్నది ముందుగా ఎవరికీ తెలియదు. అన్ని పరీక్షలూ మంచిగా వచ్చిన తల్లికి కూడా అలాంటి బిడ్డ పుట్టవచ్చు. అందుకే ప్రతి కాన్పు దగ్గరా ఆ ఏర్పాటు ఉండాలి, ప్రతి కాన్పు దగ్గరా.

ముందు గుండె సంగతి చూద్దాం. ఊపిరి తీయని బిడ్డను చేతిలోకి తీసుకున్నప్పుడు మనకు కావలసిన ఒకే ఒక్క లెక్క గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటున్నదని. 100 దాటితే ధైర్యం, తగ్గితే గాలి అందించాలి, 60 లోపు ఉంటే ప్రమాదం. మేము నేర్చుకున్న పద్ధతి ఏమిటంటే, స్టెతస్కోపు పెట్టి ఆరు సెకన్లు లెక్కపెట్టి, దాన్ని పదితో హెచ్చవేసి చెప్పాలి. చెమటలు పడుతున్న అర్ధరాత్రి, పక్కన తల్లికి రక్తస్రావం అవుతుండగా, ఒంటరిగా ఉన్న ఒక నర్సు ఆరు సెకన్లు తప్పు లేకుండా లెక్కపెట్టడం ఎంత కష్టమో ఇక్కడున్న నర్సులను అడగండి. అనుభవజ్ఞులు కూడా ఈ లెక్కలో పొరబడతారని పరీక్షించి చూసినవాళ్లు తేల్చారు. పల్స్ ఆక్సిమీటర్ పెడదామంటే, కరోనా రోజుల్లో మనమందరం వేలికి తగిలించుకున్న పరికరమే కదా, అది అప్పుడే పుట్టిన బిడ్డ చేతి మీద అంకె చూపించడానికి ఒకటి రెండు నిమిషాలు తీసుకుంటుంది. అప్పటికి పుణ్యకాలం గడిచిపోతుంది.

ఇప్పుడు వచ్చిన ఒక కొత్త పరికరం నాకు చాలా నచ్చింది. నార్వే దేశపు లేర్డాల్ సంస్థ తయారుచేసిన దాని పేరు నియోబీట్. అరటిపండులాగా వంగి ఉంటుంది, బిడ్డ పొట్ట, రొమ్ము భాగాన్ని పట్టుకొని కూర్చుంటుంది. జిగురు పట్టీలు, వైర్లు లేవు. తడి ఒంటి మీదే పెట్టవచ్చు. కొద్ది సెకన్లలో గుండె విద్యుత్ సంకేతాలను పట్టుకొని అంకె చూపిస్తుంది. చూడడానికి ఆటవస్తువులాగా ఉంటుంది. కానీ 70 ఉన్న అంకె బ్యాగు నొక్కుతుండగా 90, 110, 130 అని పైకి ఎక్కుతుంటే, ఆ నొక్కుతున్న నర్సు చేతికి వచ్చే ధైర్యం నేను కళ్లారా చూశాను. తాను చేస్తున్నది సరైనదో కాదో ఆమెకు అప్పటికప్పుడే తెలిసిపోతున్నది.

ఇక ఊపిరి అందించడం. తలకిందులుగా పట్టుకొని వీపు మీద చరచడం మీలో పెద్దవాళ్లు చూసే ఉంటారు. ఆ పద్ధతి పోయింది, పోవలసినదే. నోట్లో, ముక్కులో గొట్టం పెట్టి ప్రతి బిడ్డకూ స్రావాలు లాగడం కూడా ఇప్పుడు చెయ్యకూడదు, అవసరమైన బిడ్డకే చెయ్యాలి. కావలసింది గాలి. పుట్టిన అరవై సెకన్లలోపు బిడ్డ తానుగా ఊపిరి తీయాలి, లేదా మనం మాస్కుతో ఇస్తుండాలి. దీనినే 2010లో మొదలైన 'హెల్పింగ్ బేబీస్ బ్రీత్' శిక్షణలో బంగారు నిమిషం అన్నారు. పాత అంబూ బ్యాగుతో ఇబ్బంది ఏమిటంటే, ఒక నర్సు మెల్లగా నొక్కితే గాలి చాలదు, ఇంకొకరు కంగారులో గట్టిగా నొక్కితే లేత ఊపిరితిత్తి దెబ్బతింటుంది. ఇప్పుడు టీ-పీస్ అనే పరికరం వచ్చింది. ఎంత ఒత్తిడితో గాలి వెళ్లాలో ముందే మీట తిప్పి పెడతాం, వేలితో ఒక రంధ్రాన్ని మూసి తెరిస్తే చాలు, ప్రతిసారీ అదే ఒత్తిడి. పైగా బిడ్డ ఊపిరి వదిలినప్పుడు ఊపిరితిత్తి పూర్తిగా ముడుచుకుపోకుండా కాస్త గాలిని లోపల నిలబెడుతుంది. నెలలు నిండని బిడ్డకు ఇది చాలా మేలు. అయితే దానికి గ్యాస్ సరఫరా ఉండాలి. కరెంటు, సిలిండరు రెండూ లేనప్పుడు కూడా పనిచేసేది చేతి బ్యాగు ఒక్కటే కనుక, టీ-పీస్ కొన్న ఆసుపత్రి కూడా బ్యాగును పక్కనే ఉంచుకోవాలి. బీరువాలో కాదు, పక్కనే.

ఆక్సిజన్ గురించి ఒక మాట చెప్పి ముందుకు వెళతాను, ఎందుకంటే ఇందులో మన దేశం చేసిన పెద్ద పని ఉంది. ఊపిరి తీయని బిడ్డకు నూటికి నూరు పాళ్లు ఆక్సిజన్ ఇవ్వాలన్నది చాలా కాలం ఎవరూ ప్రశ్నించని సూత్రం. ఢిల్లీలో సిద్ధార్థ్ రాంజీ, నార్వేకు చెందిన ఓలా సాగ్‌స్టాడ్ కలిసి మామూలు గాలితో, అంటే మనమందరం పీలుస్తున్న 21 శాతం ఆక్సిజన్ ఉన్న గాలితో, బిడ్డలకు ఊపిరి అందించి చూశారు. 1993లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. మామూలు గాలితో బిడ్డలు చక్కగా కోలుకున్నారు. తరువాత ఎన్నో దేశాల్లో చూసి, ఇప్పుడు నెలలు నిండిన బిడ్డకు మామూలు గాలితోనే మొదలుపెట్టాలని ప్రపంచమంతా పాటిస్తున్నది. అప్పుడే పుట్టిన బిడ్డలో ఆక్సిజన్ శాతం మొదటి నిమిషానికి 60, 65 ఉండటం సహజమే. పది నిమిషాలకు గాని అది 85 నుంచి 95కు చేరదు. కరోనా తరువాత మనందరికీ 95 అన్న అంకె తలలో నాటుకుపోయింది కనుక, 62 చూసి హడలిపోకండి.

ఎక్కువ ఆక్సిజన్ ఇస్తే ఏమవుతుంది? 1940లు, 50లలో నెలలు నిండని పిల్లలకు విపరీతంగా ఆక్సిజన్ ఇచ్చిన రోజుల్లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 10,000 మంది పిల్లలు చూపు కోల్పోయారు. రెటీనా, అంటే కంటి లోపలి పొర, దెబ్బతిని వచ్చే ఆ అంధత్వం నేటికీ ఉంది. హైదరాబాదులోని ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి వైద్యులు జంటనగరాల ఆసుపత్రుల శిశు వార్డులకే వెళ్లి రెటీనా పరీక్షలు చేసి ఎందరి చూపునో కాపాడారు. ఈ సభలో తక్కువ నెలలకు పుట్టిన మనవడో మనవరాలో ఉన్నవారు ఎవరైనా ఉంటే, దయచేసి వినండి. 34 వారాలలోపు గాని, రెండు కిలోలకన్నా తక్కువ బరువుతో గాని పుట్టిన బిడ్డకు నెల రోజులలోపు రెటీనా పరీక్ష జరగాలి, మరీ చిన్న బిడ్డకు ఇంకా ముందే జరగాలి. 'బిడ్డ బాగానే చూస్తోంది కదా' అని ఊరుకోకండి. ఆ వయసులో చూపు ఉందో పోతోందో మన కంటికి తెలియదు.

ఇప్పుడు నా ఇరవై రెండు అడుగుల దగ్గరికి వస్తాను.

బిడ్డ పుట్టిన క్షణంలో బిడ్డకు చెందిన రక్తంలో సుమారు మూడో వంతు ఇంకా మాయలోనే ఉంటుంది. తాడు కోయకుండా ఆగితే అది మెల్లగా బిడ్డకు చేరుతుంది, మొదటి నిమిషంలో సుమారు 80 మిల్లీలీటర్లు. 80 మిల్లీలీటర్లంటే మన ఇళ్లలో టీ గ్లాసుకు కాస్త తక్కువ. మూడు కిలోల బిడ్డ ఒంట్లో మొత్తం రక్తమే పావులీటరు ఉండగా, ఆ టీ గ్లాసు ఎంత విలువైనదో ఆలోచించండి. వెనకటి మంత్రసానులు మాయ పడేదాకా తాడు కోసేవాళ్లు కాదని మా నాయనమ్మ చెప్పేది. మేము చదువుకున్నవాళ్లం వచ్చి, క్షణాల్లో కోయడం నేర్పించాం. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ కనీసం ఒక నిమిషం ఆగమంటున్నది.

ఇందులో రక్తం ఒక్కటే విషయం కాదు. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో స్టూవర్ట్ హూపర్ బృందం గొర్రెపిల్లల మీద చేసిన ప్రయోగాలు 2013లో వెలువడ్డాయి. ఊపిరితిత్తులలోకి గాలి చేరకముందే తాడు బిగిస్తే, మాయ నుంచి గుండెకు వచ్చే రక్తం ఆగిపోతుంది, ఊపిరితిత్తుల నుంచి రావలసింది ఇంకా మొదలే కాదు, గుండె తోసే రక్తం సగం దాకా పడిపోతుంది. ముందు గాలి అందించి, ఆ తరువాత తాడు బిగిస్తే గుండె నిలకడగా ఉంటుంది. ఈ మాట చదివిన రోజు నేను చాలాసేపు మౌనంగా కూర్చుండిపోయాను. ఎందుకో మీకు అర్థమయ్యే ఉంటుంది. ఊపిరి తీయని బిడ్డకు, అంటే మాయ సాయం అందరికన్నా ఎక్కువ కావలసిన బిడ్డకే, మనం అందరికన్నా ముందుగా తాడు కోస్తున్నాం. ఎందుకు కోస్తున్నాం? వార్మర్ దూరంగా ఉంది కనుక. యంత్రం అక్కడ ఉంది కనుక. అంతకు మించి కారణం ఉందా?

అందుకని ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో లైఫ్‌స్టార్ట్ అనీ, నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో కాంకర్డ్ అనీ చిన్న బల్లలు రూపొందించారు. చక్రాల మీద ఉండే బల్ల అది. తల్లి తొడల మీదుగా చాపినట్టు దగ్గరికి జరుపుతారు, తాడు సాగకుండా బిడ్డను దాని మీద పడుకోబెడతారు. వెచ్చదనం, గాలి ఇచ్చే ఏర్పాటు, గుండె లెక్క చూపే తెర అన్నీ దాని మీదే ఉంటాయి. బిడ్డ ఊపిరి నిలదొక్కుకున్నాక, అప్పుడు తాడు కోస్తారు. సిజేరియన్‌లో కూడా చేయవచ్చు. తల్లి చెయ్యి చాపితే బిడ్డ తల తగులుతుంది. నేను లెక్కపెట్టిన ఆ అడుగులన్నీ చెరిగిపోయి ఒక జానెడు దూరం మిగిలింది.

అంత ఖరీదైన బల్ల మా ఏరియా ఆసుపత్రికి ఎక్కడొస్తుంది డాక్టరుగారూ అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు మన పొరుగున నేపాల్‌లో ఉంది. అక్కడ ప్రసూతి ఆసుపత్రిలో ఏ ప్రత్యేక బల్లా లేకుండానే, తల్లి పక్కనే బిడ్డను పడుకోబెట్టి, తాడు కోయకుండానే బ్యాగు, మాస్కుతో ఊపిరి అందించి చూశారు. ఆ పిల్లల ఒంట్లో ఆక్సిజన్ తొందరగా పెరిగింది. కావలసింది ఒక గట్టి పలక, శుభ్రమైన పొడి గుడ్డలు, చేతికందే దూరంలో బ్యాగు, ఆ పని నేర్చిన మనిషి. కొత్తదనమంతా అమరికలో ఉంది.

నెలలు నిండని పిల్లల్లో తాడు ఆలస్యంగా కోయడం గురించి ప్రపంచంలోని పరిశోధనల వివరాలను ఒక్కచోట చేర్చి సిడ్నీ పరిశోధకులు 2023లో లెక్క తేల్చారు. 3,260 మంది పిల్లల వివరాల్లో, వెంటనే కోసినవారితో పోలిస్తే ఆగి కోసినవారిలో ఆసుపత్రి మరణాలు సుమారు మూడో వంతు తగ్గాయి. ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఆగడానికి తీరిక లేనప్పుడు తాడును పాలు పితికినట్టు బిడ్డ వైపు పిండడం కొన్నిచోట్ల అలవాటు. 28 వారాలు నిండని పిల్లల్లో అలా పిండితే మెదడులో రక్తస్రావం ఎక్కువైందని 2019లో తేలి, ఆ వయసు పిల్లలను ఆ పరిశోధనలోకి తీసుకోవడం మధ్యలోనే ఆపేశారు. కనుక పిండడం వద్దు, ఆగడమే మంచిది.

వెచ్చదనం గురించి పెద్దగా చెప్పను, మీ అందరికీ తెలిసినదే. కాకపోతే ఆపరేషన్ థియేటర్‌లో ఏసీ మనకోసం 20కి పెట్టుకొని, తడి బిడ్డను అందులోకి తీస్తున్నాం. కాన్పు గదిలో 25 డిగ్రీలు ఉండాలి. 32 వారాలలోపు బిడ్డను తుడవకుండానే మెడ దాకా శుభ్రమైన ప్లాస్టిక్ సంచీలో ఉంచితే వేడి నిలుస్తుంది. కొన్ని రూపాయల సంచీ, లక్షల రూపాయల ఇంక్యుబేటర్ కన్నా ముందుగా అందుతుంది.

తక్కువ నెలల బిడ్డ మూలుగుతూ, డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీస్తుంటే ఇచ్చేది సీపాప్, అంటే ఊపిరితిత్తి ముడుచుకుపోకుండా ఎడతెగని ఒత్తిడితో గాలి అందించే పద్ధతి. 1971లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జార్జ్ గ్రెగరీ దీన్ని బిడ్డలకు వాడి చూపించారు. అందులో బబుల్ సీపాప్ అనేదాన్ని మీరు కళ్లతో చూస్తే ఇంత తేలికైనదా అనుకుంటారు. బిడ్డ ముక్కుకు రెండు చిన్న గొట్టాలు, వాటిలోకి గాలి, ఆక్సిజన్ కలిపి వస్తుంటుంది. రెండో కొస ఒక నీళ్ల సీసాలో మునిగి ఉంటుంది. గొట్టం ఐదు సెంటీమీటర్లు మునిగితే ఐదు సెంటీమీటర్ల నీటి ఒత్తిడి, ఆరు మునిగితే ఆరు, అంతే లెక్క. సీసాలో బుడబుడమని బుడగలు వస్తున్నంతసేపు బిడ్డ ఊపిరితిత్తిలో ఒత్తిడి నిలిచి ఉన్నట్టే. మా వార్డులో రాత్రి పూట నర్సులు ఆ చప్పుడుకు చెవి అలవాటు చేసుకుంటారు. బుడగలు ఆగితే ఏ అలారమూ మోగకముందే లేచి వస్తారు. ముక్కు నుంచి గొట్టం జారి ఉంటుంది, లేదా బిడ్డ నోరు తెరిచి ఉంటుంది. సరిచేస్తారు, మళ్లీ బుడగలు. ఆఫ్రికాలోని మలావిలో అమెరికా రైస్ విశ్వవిద్యాలయం వారు పుమానీ అనే చౌక బబుల్ సీపాప్‌ను తయారుచేసి వాడారు. మన బెంగళూరులో అంబులెన్సులో, కరెంటు లేనిచోట కూడా పనిచేసేలా 'సాన్స్' అనే దాన్ని తయారుచేశారు. చిన్న ఆసుపత్రి నుంచి పెద్ద ఆసుపత్రికి 108లో వచ్చే బిడ్డకు ఆ ప్రయాణమే గండం కనుక, ఈ రకం పరికరాలు మనకు ఎంతో అవసరం.

కొత్తది ఏది వచ్చినా తెచ్చి పెట్టుకుందామా? ఇక్కడ నేను జాగ్రత్తగా మాట్లాడాలి. పుట్టినప్పుడు ఊపిరాడక మెదడు దెబ్బతిన్న బిడ్డను ఆరు గంటలలోపు చల్లబరచి, 72 గంటలపాటు 33.5 డిగ్రీల దగ్గర ఉంచే వైద్యం ఉంది. ధనిక దేశాల్లో దానివల్ల పిల్లలు బతికారు, అవిటితనం తగ్గింది. మనమూ మొదలుపెట్టాం, నేనూ మొదలుపెట్టాను. తరువాత భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్‌లలో 408 మంది పిల్లలతో హీలిక్స్ అనే పెద్ద పరిశోధన జరిగింది. 2021లో ఫలితం వచ్చింది. చల్లబరచిన పిల్లల్లో 42 శాతం, మామూలు సంరక్షణలో ఉన్నవారిలో 31 శాతం చనిపోయారు. చల్లబరచడం వల్ల మేలు జరగకపోగా మరణాలు పెరిగాయి. కారణాలపై చర్చ నడుస్తూనే ఉంది. ఒకచోట ప్రాణం నిలిపిన యంత్రం ఇంకోచోట అలాగే నిలుపుతుందని ముందే అనుకోవడానికి వీల్లేదని ఆ 408 కుటుంబాలు మనకు నేర్పించాయి. ఆ తల్లిదండ్రులు తమ బిడ్డలను ఆ పరిశోధనలో చేర్చడానికి ఒప్పుకోబట్టే మనకు ఈ సంగతి తెలిసింది. వారికి చేతులెత్తి దండం పెడుతున్నాను.

మనవాళ్లు 'బిడ్డను బాక్సులో పెట్టారు' అంటారు. ఎంత దిగులుగా అంటారో ఆ మాట! తల్లి ఒక వార్డులో, బిడ్డ బాక్సులో, మధ్యలో పాలసీసా పట్టుకొని తిరిగే అమ్మమ్మ. కిలో నుంచి కిలో ఎనిమిది వందల లోపు బరువున్న 3,211 మంది పిల్లలతో ఐదు దేశాల్లో ఒక పరిశోధన జరిగింది. మన దేశం తరఫున ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి అందులో ఉంది. అప్పటిదాకా బిడ్డ పరిస్థితి నిలకడకు వచ్చాకే తల్లి రొమ్ము మీద పడుకోబెట్టే కంగారూ సంరక్షణ మొదలయ్యేది. వీళ్లు పుట్టిన వెంటనే మొదలుపెట్టారు. అందుకోసం ఇంటెన్సివ్ కేర్ యూనిట్‌లోనే ప్రతి బిడ్డ పక్కన తల్లికి మంచం వేశారు. సీపాప్ గొట్టాలతో ఉన్న బిడ్డ, ఆ గొట్టాలతోనే తల్లి రొమ్ము మీద. ఫలితం ఏమైంది? 28 రోజులలోపు మరణాలు 15.7 శాతం నుంచి 12 శాతానికి తగ్గాయి. ఫలితం ఎంత స్పష్టంగా ఉందంటే, పరిశోధనను అనుకున్న గడువుకన్నా ముందే ఆపి అందరికీ ఇవ్వమన్నారు. ఏ కంపెనీ అమ్మే యంత్రమూ కాదిది, ఒక మంచం. ఆసుపత్రి కట్టే ఇంజనీర్లు ఎవరైనా సభలో ఉంటే వారికి నా ప్రార్థన ఒక్కటే. శిశు వార్డు నక్షా గీసేటప్పుడు ప్రతి వార్మర్ పక్కన తల్లి మంచానికి చోటు గీయండి.

పరికరం ఎంత మంచిదైనా అది ఎవరి చేతిలో ఉన్నదన్నది అసలు సంగతి. గోదావరికి, ప్రాణహితకు అవతలి ఒడ్డున, మన పొరుగు జిల్లా గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు పల్లె ఆడవాళ్లకు శిక్షణ ఇచ్చి, ఇంట్లో జరిగే కాన్పుల్లోనే బిడ్డకు ఊపిరి అందించడం నేర్పించారు. 1999లో అచ్చయిన వారి లెక్క ప్రకారం ఆ ఊళ్లలో నెలలోపు శిశుమరణాలు 62 శాతం తగ్గాయి. టాంజానియాలో 30 ఆసుపత్రుల్లో కొత్త గుండె మీటర్లతో పాటు నర్సులకు బొమ్మల మీద తరచు సాధన ఇప్పించారు. ఏడాదికోసారి జరిగే శిక్షణ శిబిరం కాదు, డ్యూటీ మధ్యలో కొద్ది నిమిషాల సాధన. శిశుమరణాలు అక్కడా తగ్గాయి. మన దేశంలో నెలలోపు మరణాలు 2014లో వేయికి 26 ఉండేవి, 2021 నాటికి 19 అయ్యాయి. 2030కల్లా పదిలోపుకు తేవాలని ప్రభుత్వం పెట్టుకున్న లక్ష్యం. దాన్ని చేరడానికి రాత్రి రెండు గంటలకు డ్యూటీలో ఉండే నర్సు చెయ్యి కావాలి. ఆ చెయ్యి అలవాటు తప్పకూడదు.

అందుకే ఈ బొమ్మను తెచ్చాను. ఇంతసేపూ బల్ల మీద గుడ్డ కప్పి ఉంచినది ఇదే. నీళ్లు నింపితే అచ్చం అప్పుడే పుట్టిన బిడ్డ బరువు తూగుతుంది, చేతులు కాళ్లు అలాగే వేలాడతాయి. మాటలు చాలిద్దాం. ముందు వరుసలో ఉన్న ఆశా అమ్మా, మీరు రండి. భయపడకండి, ఇది బొమ్మ. ఆఁ, ఇలా పడుకోబెట్టండి. తల కాస్త వెనక్కి, ఎక్కువ వద్దు, ముక్కుతో గాలిని వాసన చూస్తున్నట్టు ఉండాలి. మాస్కు గడ్డం మీద మొదలుపెట్టి ముక్కు దాకా, కళ్లకు తగలకుండా. ఎడమచేతి వేళ్లతో దవడను పైకి ఎత్తి పట్టుకోండి. ఇప్పుడు నొక్కండి. గాలి పక్కనుంచి పోతున్నది, వినిపించిందా? మళ్లీ సరిగా అదమండి. ఇప్పుడు నొక్కండి. అదిగో, రొమ్ము లేచింది, వెనుక వరుసలోవాళ్లు లేచి నిలబడి చూడండి. నొక్కండి, రెండు, మూడు. నొక్కండి, రెండు, మూడు. చాలా బాగా చేస్తున్నారమ్మా, ఆపకండి. తరువాత ఎవరు వస్తారు?